కొంగ కదలని చోటు

శ్రీవిల్లిపుత్తూరులో తెల్లవారబోతోంది. వరిమళ్ళ మధ్య కాలవల్లో బాతులు తలలు రెక్కల్లో దూర్చుకుని నిద్రపోతున్నాయి. ఊరి కావలివాళ్ళు అటుగా వచ్చి వాటిని చూశారు. చీకటితోనే స్నానాలు చేసి వెళ్ళిన బ్రాహ్మణులు పిండి ఉండచుట్టిన బట్టలు రేవులో మరిచిపోయారనుకున్నారు. ఎవరివి వాళ్ళకు చేరుద్దామని నీళ్ళలోకి దిగారు. అలికిడికి బాతులు ఒక్క ఉదుటున పారిపోయాయి. చేలకు కాపున్న ఆడపిల్లలు ఇదంతా చూసి పకపకా నవ్వారు.

శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద మొదటి ఆశ్వాసంలో ఇదంతా ఒక్క పద్యంలో ఇమిడ్చాడు. నాలుగు పాదాల్లో ఒక ఊరి తెల్లవారుజాము ఉంది, నలుగురి జీవనం ఉంది, చివర నవ్వు కూడా ఉంది. ప్రకృతి కవికి ఏమిస్తుందన్న ప్రశ్నతో మొదలయ్యే ఏ ఉపన్యాసానికైనా ఇంతకంటే మంచి ఆరంభం దొరకదు.

ప్రకృతి స్ఫూర్తినిస్తుందన్న మాటను ఎవరూ కాదనరు. ఎలా ఇస్తుందన్న దగ్గరే పేచీ. కొండనో పూలతోటనో చూసి మనసు ఉప్పొంగితే కవిత వచ్చేస్తుందని చాలామంది నమ్మకం. అందాన్ని చూసి మురవడం అందరికీ ఉన్నదే. బాతు నిద్రపోయేటప్పుడు తల ఎక్కడ పెట్టుకుంటుందో, అప్పుడది దూరానికి ఎలా కనిపిస్తుందో, ఆ వేళకు రేవులో ఎవరు వచ్చి వెళతారో తెలిసినవాడికే పై పద్యం దొరుకుతుంది. ప్రకృతి కవిత్వం నిలిచేది పరిచయం మీద. ఈ ఉపన్యాసం చెప్పదలుచుకున్నది ఇదొక్కటే. తెలుగువాళ్ళు ఎరిగిన కావ్యాల్లో, పాటల్లో, కథల్లో దీనికి సాక్ష్యాలు కావలసినన్ని ఉన్నాయి.

వ్యతిరేక సాక్ష్యాలూ ఉన్నాయి, వాటినీ ఒప్పుకోవాలి. మహాకావ్యమన్నాక నగరం, సముద్రం, పర్వతం, ఋతువులు, చంద్రోదయం, సూర్యోదయం వంటి పద్ధెనిమిది వర్ణనలు ఉండాలని అలంకార శాస్త్రం నియమం పెట్టింది. దానితో వసంతం చూడని వాడు కూడా వసంతం రాయవలసి వచ్చింది. చకోరాలు వెన్నెల తాగుతాయి, హంసలు పాలనూ నీళ్ళనూ వేరు చేస్తాయి, పడతి పాదం తాకితే అశోకం పూస్తుంది. ఇవన్నీ కవిసమయాలు. వీటితో గొప్ప పద్యాలు రాసినవాళ్ళు లేకపోలేదు; రాయలు కూడా వీటిని వదులుకోలేదు. అయినా ఒక ప్రబంధంలోని చంద్రోదయాన్ని తీసి ఇంకో ప్రబంధంలో పెడితే ఎవరూ గుర్తుపట్టలేని స్థితి వచ్చిందంటే, చూడటం మానేసి రాయడం మిగిలిందన్నమాట.

రాయల వానాకాలం అలా కాదు. దాన్ని ఎక్కడికీ మార్చలేం.

ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసంలో జడివాన పట్టింది. పొలం పాకలో రెడ్లు ఉన్నారు. గురుగు, చెంచలి, తుమ్మి, లేత తగిరిసాకు, వాటికి తోడు చింతచిగురు కలిపి నూనెతో పొరటి కూర చేసుకున్నారు. ఆవిరి చిమ్ముతున్న ఆరికన్నంతో ఆ కూర కడుపునిండా తిన్నారు. పశువులు మేతకు వెళ్ళాయి. పాకలో మిగిలిన లేగదూడలు వచ్చి ఒళ్ళు నాకుతున్నాయి. పక్కన మేకెరువు కుంపటి రాజుకుంటోంది. ఆ వెచ్చదనంలో, రాజ్యమంతా తమదే అన్నట్టు, రెడ్లు మంచమెక్కారు.

ఈ పద్యంలో మేఘం లేదు, మెరుపు లేదు, నెమలి లేదు. ఉన్నవన్నీ వాన వల్ల పాకలోకి వచ్చి చేరినవే. గురుగు, చెంచలి, తుమ్మి, తగిరిస తొలకరి పడగానే ఎవరూ నాటకుండా చేలగట్ల మీద మొలిచే మొక్కలు. తెలంగాణలో వినాయక చవితికి ఇప్పటికీ తుమ్మికూర వండుతారు, అదీ వానాకాలమే. ఆరిక వాన మీద ఆధారపడి మెట్టపొలాల్లో పండే చిరుధాన్యం. మేకెరువు భగ్గున మండదు. నిదానంగా రాజుకుంటూ రాత్రంతా వెచ్చదనం ఇస్తుంది. పుల్లలన్నీ తడిసిపోయిన రోజుల్లో పల్లెటూరి మనిషికి అంతకంటే నమ్మకమైన నిప్పు లేదు. తల్లులు మేతకు వెళ్ళినప్పుడు దూడలు మనిషిని నాకుతాయన్న సంగతి పశువులతో మెలిగినవాళ్ళకు మాత్రమే తెలుస్తుంది. 1509 నుంచి 1529 వరకు విజయనగరాన్ని ఏలిన చక్రవర్తికి మేకెరువు కుంపటి సంగతి ఎలా తెలిసింది? ఉదయగిరి, కొండవీడు ముట్టడుల కోసం ఏళ్ళ తరబడి దండు నడిచిన దారులు పల్లెల మధ్యనుంచే పోయాయి. దండుతో పాటు ఎందరో నడిచి ఉంటారు. వాళ్ళలో ఆగి పాకలోకి తొంగిచూసినవాడు కవి అయ్యాడు.

అదే కావ్యంలో, కథలోని భక్తుడు విష్ణుచిత్తుడి ఇంటి వంటగది కూడా ఇలాంటిదే. ఆకాశానికి చిల్లు పడ్డట్టు వాన కురిసే రోజుల్లో అతిథులు వస్తారు. కట్టెలు తడిసి ఉంటాయి, పొగ కళ్ళలోకి పోతుంది. అందుకని విష్ణుచిత్తుడి ఇల్లాలు కొబ్బరి చిప్పలు పొయ్యిలో పెట్టి వండుతుంది. వరి అన్నం, పొట్టుతీసిన పప్పు, నాలుగైదు తాలింపు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, పైన ధారాళంగా నెయ్యి. పచ్చి కూరలు అరుదైన కాలంలో వడియాలూ వరుగులూ విస్తట్లోకి రావడం మామూలే. ఋతువు ఆకాశంలోనే ఉంటుందనుకునే కవికి ఈ పద్యం రాదు. పొయ్యి దగ్గర కూడా ఋతువు మారుతుందని ఆ ఇల్లాలికి తెలుసు, ఆమెను చూసినవాడు కనుక రాయలకూ తెలుసు.

చిన్న రచనల సంగతికి వస్తే, దక్కన్‌లో అందరికంటే ముందు చెప్పుకోవలసింది గాథాసప్తశతి. శాతవాహన రాజు హాలుడి పేరున నిలిచిన ఈ సంకలనంలో ఏడు వందల ప్రాకృత గాథలు, ఒక్కొక్కటీ రెండే పంక్తులు. గోదావరి ఒడ్డు, పత్తిచేలు, ఇప్పపూలు, వానలో తడిసే బాటసారి, పొలం పనుల్లో ఉన్న ఆడా మగా అందులో అడుగడుగునా కనిపిస్తారు. అత్త, పొట్ట వంటి తెలుగు మాటలు అందులో ఉన్నాయని పండితులు ఎప్పుడో గుర్తించారు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ కొన్ని గాథలను తెలుగు పద్యాలుగా మలిచారు.

ఆ ఏడు వందల్లో ఒకదాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. తామరాకు మీద ఒక కొంగ కదలకుండా మెదలకుండా నిలబడి ఉంది. మరకతపు పళ్ళెంలో పెట్టిన శంఖంలా మెరుస్తోంది. అదుగో చూడు, అని ఒక అమ్మాయి పక్కనున్న అబ్బాయికి చూపిస్తోంది. పైకి ఇంతే. మమ్మటుడు కావ్యప్రకాశంలో దీన్ని ఉదాహరించి లోపలి సంగతి విప్పాడు. కొంగ బెదరలేదంటే అటువైపు మనుషుల అలికిడి లేదన్నమాట. ఎవరూ రారు కనుక ఆ కొలను గట్టు ఇద్దరూ కలుసుకోవడానికి తగిన చోటు. అమ్మాయి కొంగను చూపించి చెప్పింది ఇదీ. ఇంకో అర్థం కూడా చెబుతారు: నువ్వు వచ్చానంటున్నావు గానీ, నువ్వే గనక అక్కడికి వచ్చి ఉంటే ఈ కొంగ ఇంత నిశ్చింతగా ఉండేదా?

రెండు అర్థాలూ కొంగ స్వభావం మీదే నిలబడ్డాయి. మనిషి అడుగు చప్పుడుకు ఎగిరిపోయే పిట్ట కనుకనే అది సాక్షి అయింది. ఆ పిట్ట స్వభావం తెలియని పాఠకుడికి ఈ గాథలో మెరిసే బొమ్మ మాత్రమే కనిపిస్తుంది, ప్రేమకథ కనిపించదు. ధ్వని గురించి అలంకారికులు వందల పుటలు రాశారు. అందులో ఇంత చక్కని ఉదాహరణ ఒక నీటిపిట్ట వల్ల వచ్చింది.

కాళిదాసు మేఘదూతంలోనూ ఇంతే. ఆషాఢం మొదటి రోజున రామగిరి మీద యక్షుడు మేఘాన్ని చూశాడు. నాగపూరు దగ్గరున్న రామ్‌టెక్కే ఆ రామగిరి అని ఎక్కువమంది అభిప్రాయం. అక్కణ్ణించి నర్మద, విదిశ, ఉజ్జయిని, కురుక్షేత్రం, కనఖలం మీదుగా కైలాసం దాకా, ఉత్తరానికి మేఘం దారి చెప్పాడు. వానమబ్బులు నిజంగా ఆ కాలంలో ఉత్తరానికి సాగేవే. కురిసి తేలికైతే గాలి విసిరికొడుతుంది కనుక నది నీళ్ళు తాగి బరువెక్కమని యక్షుడు దానికి జాగ్రత్త చెబుతాడు. విరహంతో మతి చలించినవాడి మాటల్లో ఇంత వాతావరణ జ్ఞానం ఉండటం వల్లే, ఆ కల్పన మనకు నమ్మదగినదిగా ఉంది.

ఆ మేఘాన్ని చదివిన గుర్రం జాషువా 1941లో గబ్బిలాన్ని దూతగా ఎంచుకున్నాడు. ఆధునిక తెలుగు కవిత్వంలో ఒక ప్రాణిని ఇంత ఆలోచనతో, ఇంత బాధతో ఎంచుకున్న సందర్భం ఇంకొకటి కనిపించదు. తంజావూరు ప్రాంతంలో ఒక అస్పృశ్యుడి పూరిగుడిసె. రాత్రివేళ ఒక గబ్బిలం లోపలికి వచ్చింది. దాని రెక్కల గాలికి ఆముదపు దీపం ఆరిపోయింది. అతను దానితో తన గోడు చెప్పుకుని, శివుడికి విన్నవించమని పంపుతాడు.

గబ్బిలమే ఎందుకు? చిలకను పంపవచ్చు, హంసను పంపవచ్చు. సంప్రదాయంలో రెండూ ఉన్నాయి. జాషువాకు కావలసింది గుడిసెలోకీ గుడిలోకీ అడ్డులేకుండా వెళ్ళగల ప్రాణి. పాడుబడ్డ ఇళ్ళ చూరుల్లో, ఆలయాల చీకటి గర్భగృహాల్లో గబ్బిలాలు వేలాడతాయని ఊళ్ళో ప్రతి ఒక్కరికీ తెలుసు. ఆ మనిషిని గుడి మెట్టెక్కనివ్వరు. గబ్బిలాన్ని ఎవరూ ఆపరు. అది దేవుడి చెవి దగ్గరగా వేలాడుతుంది, పూజారి లేనప్పుడు మెల్లగా చెప్పవచ్చు. ఒక జీవి ఎక్కడ నివసిస్తుందన్న మామూలు సంగతిలోంచి, వందల ఏళ్ళ అన్యాయం మీద తిరుగులేని వాదన పుట్టింది. ప్రకృతి కవిత్వం సమాజాన్ని మరిపించే పలాయనమని వాదించేవాళ్ళు ఈ కావ్యాన్ని మళ్ళీ ఒకసారి చదవాలి.

భావకవిత్వం మీద ఆ పలాయన నింద బాగా పడింది. ఇంగ్లీషు రొమాంటిక్ కవుల ప్రభావంతో వచ్చిన కవిత్వం కనుక, ఆ మూలంలోకి కొంచెం చూడటం మంచిది. 1802 ఏప్రిల్ 15న వర్డ్స్‌వర్త్, అతని చెల్లెలు డొరతీ, అల్స్‌వాటర్ సరస్సు ఒడ్డున నడుస్తుంటే డాఫొడిల్ పూలు బారులు తీరి కనిపించాయి. ఆ రోజు డొరతీ డైరీలో గాలి ఎటు వీచిందో, పూలు రాళ్ళ మధ్య ఎలా వాలాయో, ఎక్కడ చెదురుగా మొదలై ఎక్కడ దట్టంగా మారాయో అన్నీ రాసిపెట్టుకుంది. ఆ పూల మీద అన్న పద్యం రాసింది 1804లో, అచ్చువేసింది 1807లో. పద్యంలో ఆయన ఒంటరిగా తిరుగుతుంటాడు. చెల్లెలి ఊసు లేదు. అందులో రెండు పంక్తులు భార్య మేరీ ఇచ్చినవని ఆయనే ఒప్పుకున్నాడు. ఆ పూల వెనక రెండేళ్ళ కాలం, ఒక డైరీ, ఇద్దరు స్త్రీలు ఉన్నారు. చూసిన క్షణంలోనే కవిత పొంగుకొస్తుందన్న నమ్మకం, దానికి పేరుపడ్డ కవి విషయంలోనే నిలబడదు. డొరతీకి దక్కవలసిన పేరు చాలాకాలం దక్కలేదు, అది చెప్పుకుని తీరాలి.

దేవులపల్లి కృష్ణశాస్త్రి 1920లో రైల్లో బళ్ళారి వెళుతూ కిటికీలోంచి చూసిన అడవులూ కొండలూ కృష్ణపక్షానికి ప్రేరణ అంటారు. పుస్తకం వచ్చింది 1925లో. ఆయన ప్రకృతిలో ఆకు పేరూ పువ్వు పేరూ కంటే కరిగిపోవాలన్న తపన ముఖ్యం. ఆ తపనకు ఆయన గొంతు ఉంది కనుక నిలిచింది; ఆ గొంతు లేని అనుచరుల దగ్గర అదే తపన త్వరగా పలచబడింది. అదే రోజుల్లో నెల్లూరు సీమలో దువ్వూరి రామిరెడ్డి స్వయంగా సేద్యం చేస్తూ కృషీవలుడు రాశాడు. 1919 నాటి ఆ కావ్యంలో పొలం దూరంగా కనిపించే పచ్చదనంలా ఉండదు, పని చేసే చోటుగా ఉంటుంది. కృష్ణశాస్త్రికి వచ్చిన కీర్తిలో కొంతైనా రామిరెడ్డికి రావలసిందని తెలుగు విమర్శ ఇంకా గట్టిగా చెప్పాలి.

నెల్లూరు మాట వచ్చింది కనుక పెన్న గురించి. నందికొండల్లో పుట్టిన పెన్న నెల్లూరు దగ్గర వరి పండించి సముద్రంలో కలుస్తుంది. అదే నది అనంతపురం జిల్లాలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక. తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం ఆ ఇసుకను చూస్తూ పెరిగాడు. ఆయన రాసిన పెన్నేటి పాటలో నీళ్ళున్న నది జ్ఞాపకంగానే ఉంది. కళ్ళముందు ఉన్నది ఎండిన పాయ, రంగడు, గంగమ్మ, వాళ్ళ ఆకలి. నది మీద పాట అంటే గలగలలు ఆశించే పాఠకుణ్ణి ఆయన ఇసుకలో నడిపించాడు. కరువు కూడా ప్రకృతే. తెలుగులో నదుల మీద వచ్చిన కవిత్వమంతా ఒకవైపు, ఈ ఒక్క పాట ఒకవైపు పెట్టినా తూగుతుంది.

వచనంలో పాలగుమ్మి పద్మరాజు గాలివానను తలుచుకోకుండా ముందుకు పోలేం. న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన ప్రపంచ కథల పోటీలో 1952లో రెండో బహుమతి పొందిన కథ. క్రమశిక్షణే జీవితంగా బతికిన రావుగారు, రైల్లో అడుక్కునే ఒక స్త్రీ, మధ్యలో కోస్తా తుఫాను. ఊరూ పేరూ, హోదా, సిద్ధాంతాలూ అన్నీ ఒక్క రాత్రిలో ఎగిరిపోయాయి. గోదావరి జిల్లాల్లో తుఫాను ఎలా కమ్ముకొస్తుందో తెలిసిన మనిషి రాసిన కథ కనుక, అందులో గాలి అలంకారంగా లేదు. కథను నడిపేదే అది.

ఇక మూడు పంక్తుల హైకూ. జపానులో హైకూకు ప్రాణం ఋతువును తెలిపే మాట. కప్ప అంటే వసంతం, మిణుగురు అంటే వేసవి. ఇలాంటి మాటల్ని కాలాలవారీగా కూర్చిన నిఘంటువులు అక్కడ ప్రతి కవి దగ్గరా ఉంటాయి. అంతేగాక వాళ్ళు ఏడాదిని 72 చిన్న కాలాలుగా విభజించుకున్నారు. ఒక్కొక్కటీ అయిదు రోజుల పైచిలుకు. చైనా నుంచి వచ్చిన ఆ పట్టికను షిబుకవ షుంకయ్ అనే జ్యోతిష్కుడు 1685లో జపాను వాతావరణానికి తగ్గట్టు మార్చాడు. మరుసటి సంవత్సరమే హైకూ కవి బషో కవితలో కప్ప పాత చెరువులోకి దూకింది. అంత చిన్న కవితలో అంత చోటు దొరకడానికి, పాఠకుడికీ కవికీ ఉమ్మడిగా ఉన్న ఆ కాలజ్ఞానం కారణం. కప్ప అన్న ఒక్క మాటతో నెల, గాలి, నీటి చల్లదనం అన్నీ చెప్పకుండానే వచ్చేస్తాయి.

కాకినాడలో తత్వశాస్త్రం బోధించిన ఇస్మాయిల్ తెలుగులో ఈ కిటుకును అందరికంటే బాగా పట్టుకున్నాడు. చెట్టు నా ఆదర్శం అని ప్రకటించి రాసిన కవి ఆయన. కప్పల నిశ్శబ్దం ఆయన హైకూల పుస్తకం. చెట్టును ఆయన ఉపమానానికి వాడి వదిలేయలేదు, దాని దగ్గరే నిలబడి చూశాడు. మాటలు తగ్గించడం ఆయనకు నియమం కాదు, స్వభావం. తర్వాత తెలుగులో హైకూలు విరివిగా వచ్చాయి. చాలావాటిలో మంచు, చెర్రీపూత కనిపిస్తాయి. శ్రీకాకుళంలోనో కరీంనగర్‌లోనో కూర్చుని చెర్రీపూతను రాసే కవికి ఇంటి ముందున్న వేపపూత ఎందుకు ఆనలేదు?

జపానుకు 72 ఉంటే తెలుగు రైతుకు 27 కార్తెలున్నాయి. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులు ఒక కార్తె. రోహిణి ఎండకు రోళ్ళు పగులుతాయంటారు. మృగశిరతో ముంగిళ్ళు చల్లబడతాయి. ఆరుద్రలో నేల తడవగానే మట్టిలోంచి ఎర్రటి పట్టుబట్ట ముక్కల్లా ఆరుద్ర పురుగులు పైకి వస్తాయి. కొద్దిరోజులు కనిపించి మళ్ళీ మట్టిలోకి పోతాయి. పొలం గట్ల మీద వాటిని అరచేతిలో పెట్టుకుని ఆడుకోని పల్లె పిల్లలు ఒకప్పుడు లేరు. మఖ, పుబ్బ, ఉత్తర, స్వాతి: ప్రతిదానికీ ఒక సామెత, ఒక విత్తనం, ఒక తిండి. ఇంత కాలజ్ఞానం పంచాంగంలోనూ రైతుల నోళ్ళలోనూ సిద్ధంగా ఉంది. తెలుగు చిన్న కవిత దీన్ని ఇంతవరకూ పూర్తిగా వాడుకోలేదు.

మారిన ప్రకృతి కూడా ఎదురుచూస్తోంది. కోస్తాలో వరిమళ్ళు రొయ్యల చెరువులైన చోట రాత్రంతా ఏరియేటర్లు తిరుగుతుంటాయి, కరెంటు పోతే రైతు గుండె ఆగినంత పనవుతుంది. కొల్లేరులో చేపల చెరువుల గట్ల మీద కొంగలున్నాయి, వాటిని తోలడానికి మనుషులున్నారు. గాథాసప్తశతి కొంగ బెదరలేదు. ఈ కొంగను బెదిరించడమే ఒకరికి కూలిపని. రాయలు ఉండి ఉంటే ఆ కావలివాణ్ణి వదిలేవాడు కాదు.

కనుక కాలేజీల్లోని తెలుగు శాఖల ముందు ఒక ప్రతిపాదన. విద్యార్థులతో కార్తెల నోటుపుస్తకం రాయించవచ్చు. కార్తెకు ఒక పేజీ, ఏడాదికి 27 పేజీలు. తమ ఊళ్ళో, తమ వీధిలో ఆ పదమూడు రోజుల్లో ఏది పూసింది, ఏ పిట్ట వచ్చింది, ఏ పురుగు కనిపించింది, ఎవరు ఏ పని చేశారు, ఇంట్లో ఏం వండారు, ముసలివాళ్ళు ఏ సామెత చెప్పారు. ఉపమానాలు వద్దు, విశేషణాలు వద్దు, చూసింది చూసినట్టు, పేర్లతో సహా రాయాలి. పట్నం పిల్లలకు కూడా ఇది కష్టం కాదు. అపార్టుమెంటు ముందున్న కానుగ చెట్టుకు కూడా కార్తెలున్నాయి. ఏడాది తిరిగాక ఆ పేజీల్లోంచి కవితలు రాయమనాలి. మొదలుపెట్టడానికి జూన్ మొదటి వారం తర్వాత వచ్చే మృగశిర అనువైనది. ఆ రోజు చేపలు తినాలన్న ఆనవాయితీతో తెలంగాణలో చేపల మార్కెట్లు పొద్దున్నే కిటకిటలాడతాయి. ఏ చెరువు చేప, ఏ పేరు, కిలో ఎంత, ఎవరు కోసి ఇస్తున్నారు, ఆకాశం ఎలా ఉంది: మొదటి పేజీకి అవి చాలు.